పురందరదాసు

అనంతపురము జిల్లా పడమటి కొసన, వేదవతీనదీ ప్రాంతమున గుమ్మఘట్ట యున్నది. వానకై ఎదురుచూచు మెట్టసీమ యది. అచటి నుండి ఉత్తరముగా బళ్ళారి దాటి పోయినచో హంపీక్షేత్రము కానవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు ఏలిన విజయనగర మదియే. నేడు సంగీతము నేర్వ మొదలిడిన ప్రతి బాలుడును ఆ నగరమున నివసించిన యొక దాసునకు ఋణపడియున్నాడు.

ఆయన పూర్వనామము శ్రీనివాస నాయకుడు. రత్నవ్యాపారమున కోట్లు గడించెను గాని పిల్లికి బిచ్చము పెట్టడని పేరు. ఆయన భార్య సరస్వతీబాయి ధర్మశీల. ఒక పేద బ్రాహ్మణుడు కుమారుని ఉపనయనమునకై ధనము వేడి, నాయకునిచే పలుమారులు త్రిప్పబడి, తుద కామెను ఆశ్రయించెను. ఆమె భర్తకు తెలియకుండ తన ముక్కుపుడక నొసంగెను. అతడు దానిని నాయకుని అంగడికే అమ్మవచ్చెను! నాయకుడు గుర్తించి, నగను పెట్టెలో భద్రపరచి, ఇంటికి పోయి భార్యను పుడక చూపుమనెను. ఆమె దిక్కుతోచక విషము త్రాగబోగా ఆ పాత్రలోనే పుడక కనబడెనట. అంగడిలోని పెట్టె శూన్యమయ్యెనట. ఈ కథ నెట్లు గ్రహించినను, నాయకుడు సర్వస్వమును దానము చేసి తంబుర చేపట్టెననుట మాత్రము లోకప్రసిద్ధము. రాయదుర్గము చెంతనున్న మురడి ఆంజనేయుని ప్రతిష్ఠించెనని చెప్పబడు వ్యాసరాయలే ఆయనకు గురువు. నాటి నుండి ఆయన పురందర విఠలుని ముద్రతో కన్నడమున పదములు పాడుచు వీథివీథి తిరిగెను. అవి నాలుగు లక్షల డెబ్బదియైదువేలని ప్రతీతి. నేడు లభించునవి సుమారు వేయి మాత్రమే.

పండితులకు కీర్తనలు కూర్చుట ఒక యెత్తు, ఓనమాలు రాని పిల్లలకు దారి వేయుట మరియొక యెత్తు. రెండవదియే కష్టతరము. సరళీస్వరములు, జంటస్వరములు, సప్తతాళాలంకారములు, గీతములు అను క్రమమును ఏర్పరచినవాడు ఈయనయే యని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. వీనిని మాయామాళవగౌళ రాగమున నేర్పుటలో ఒక యుక్తి కలదు. ఈ రాగమున షడ్జమమునకు రిషభము మిక్కిలి దగ్గర. రిషభమునకు గాంధారము దూరము. గాంధారమునకు మధ్యమము మరల దగ్గర. పంచమము నుండి పై షడ్జమము వరకును ఇదే కొలత. కావున పూర్వార్ధము పట్టువడిన బాలునకు ఉత్తరార్ధము సులభమగును. ఒకే పాఠమును మొదటి కాలమున పాడి, రెండవ కాలమున దానికి రెట్టింపుగను, మూడవ కాలమున నాలుగు రెట్లుగను పాడవలెను. తాళము వేయు చేయి మాత్రము వేగము మార్చరాదు. పిమ్మట వచ్చునవి మలహరి రాగమున పిళ్ళారి గీతములు. మలహరిలో నిషాదము లేదు. చిన్న గొంతులకు ఆ మేరకు బరువు తగ్గినది.

1564లో ఆయన దివంగతుడయ్యెను. రెండు శతాబ్దముల తరువాత జన్మించిన త్యాగరాజు తన ప్రహ్లాదభక్తివిజయమున ఆయనకు నమస్కరించెను. హంపిలో తుంగభద్రాతీరమున పురందరమండపమని యొక రాతిమండపము నేటికిని నిలిచియున్నది. నదికి వరద వచ్చినపుడు దాని స్తంభములు నీట మునుగుచుండును.