డెరెక్ డి సోలా ప్రైస్

డెరెక్ జాన్ డి సోలా ప్రైస్ (జనవరి 22, 1922 - సెప్టెంబరు 3, 1983) ఇంగ్లాండులో జన్మించి, అమెరికాలో స్థిరపడిన భౌతిక శాస్త్రవేత్త, విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు. పరిశోధనా పత్రాలను, పత్రికలను, పరిశోధకులను లెక్కించి, ఆ లెక్కల ద్వారా విజ్ఞానశాస్త్రం ఎంత వేగంగా పెరుగుతున్నదో, ఏ పని ఎంత ప్రభావం చూపుతున్నదో తెలుసుకోవచ్చునని నిరూపించినవాడు. ఈ కారణంగా ఇతనిని సైంటోమెట్రిక్స్ శాస్త్రానికి పితామహునిగా పరిగణిస్తారు. ప్రాచీన గ్రీకుల ఆంటికితెరా యంత్రంపై చేసిన పరిశోధన వలన కూడా ఇతడు ప్రసిద్ధుడు.

బాల్యం, విద్యాభ్యాసం

ప్రైస్ లండను నగరపు తూర్పు శివారు ప్రాంతమైన లేటన్ లో జన్మించాడు. తండ్రి దర్జీ, తల్లి గాయని. తల్లి పుట్టింటివారు డి సోలా అనే సెఫార్డీ యూదు వంశీయులు. 1950 ప్రాంతంలో ప్రైస్ తన పేరులో ఈ ఇంటిపేరును కూడా చేర్చుకున్నాడు. సామాన్య కుటుంబం కావటం వలన పెద్ద విశ్వవిద్యాలయంలో నేరుగా చేరే అవకాశం లేకపోయింది. 1938లో స్థానిక సాంకేతిక కళాశాలలో ప్రయోగశాల సహాయకునిగా చేరి, పని చేస్తూనే చదువు కొనసాగించాడు. 1942లో లండన్ విశ్వవిద్యాలయం నుండి భౌతిక, గణిత శాస్త్రాలలో పట్టా పొందాడు. వేడిచేసిన, కరిగిన లోహాలకు సంబంధించిన ప్రయోగాలు చేసి 1946లో అదే విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు సాధించాడు. తరువాత కామన్వెల్త్ ఫండ్ ఉపకారవేతనంపై కొంతకాలం అమెరికాలో గడిపాడు.

సింగపూరులో గోడ వారన పుస్తకాలు

ప్రైస్ జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన సింగపూరులో జరిగింది. 1940ల చివరలో ఇతడు అక్కడి రాఫెల్స్ కళాశాలలో అనువర్తిత గణితం బోధించటానికి చేరి, మూడేళ్ళు పనిచేశాడు. ఆ సమయంలో కళాశాలకు లండన్ రాయల్ సొసైటీ వారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ పత్రిక పాత సంపుటాలు వచ్చాయి. 1665లో మొదలైన ఈ పత్రిక ప్రపంచంలోని తొలి విజ్ఞానశాస్త్ర పత్రికలలో ఒకటి. గ్రంథాలయ భవనం ఇంకా నిర్మాణంలో ఉండటంతో, సంపుటాలను భద్రపరిచే బాధ్యతను ప్రైస్ తీసుకొని తన నివాసానికి చేర్చుకున్నాడు.

ఇంట్లో వాటిని పదేళ్ళకొక దొంతి చొప్పున గోడ వారన పేర్చాడు. ఒక్కొక్క సంపుటమే తీసి ఆద్యంతం చదవసాగాడు. చదువుతుండగా దొంతుల ఎత్తు ఇతని దృష్టిని ఆకర్షించింది. తొలి దశాబ్దాల దొంతులు చిన్నవి. ఆ తరువాతివి క్రమంగా పెరుగుతూ, చివరివి అమాంతం పైకి లేచాయి. గణితం బోధించేవాడు కనుక ఆ వరుసను చూడగానే అది ఘాతీయ వక్రరేఖ అని ఇతడు గుర్తించాడు. చక్రవడ్డీకి ఇచ్చిన అప్పు పెరిగే తీరు ఇదే. ఏటా కలిసే మొత్తం స్థిరంగా ఉండదు, ఉన్నదాన్ని బట్టి పెరుగుతుంది. అందువలన ఒక నిర్ణీత కాలంలో అసలు రెట్టింపై, మళ్ళీ అంతే కాలంలో ఆ రెట్టింపు మరల రెట్టింపవుతుంది.

ఒక పత్రికను చూసి విజ్ఞానశాస్త్రం మొత్తానికి సూత్రం చెప్పటం సాహసమే. ఆ సంగతి ప్రైస్ కు తెలుసు. కనుక ఇతర పత్రికలను, పరిశోధనా సారాంశాల సంపుటాలను కూడా లెక్కించి చూశాడు. వాటిలోనూ అదే తీరు కనిపించింది. ఈ ఫలితాలను 1950లో ఆమ్‌స్టర్‌డామ్ లో జరిగిన అంతర్జాతీయ విజ్ఞానశాస్త్ర చరిత్ర సదస్సుకు సమర్పించాడు. మరుసటి సంవత్సరం అది వ్యాసంగా వెలువడింది. చరిత్రకారులు దానిని పెద్దగా పట్టించుకోలేదు. న్యూటన్ పత్రాన్నీ, ఎవరూ చదవని పత్రాన్నీ ఒకటిగా లెక్కించే పద్ధతి వారికి రుచించకపోవటం సహజమే.

కేంబ్రిడ్జి

సింగపూరు నుండి ప్రైస్ కేంబ్రిడ్జికి వెళ్ళి, విజ్ఞానశాస్త్ర చరిత్రలో రెండవ డాక్టరేటును 1954లో పొందాడు. పరిశోధనలో భాగంగా పీటర్‌హౌస్ కళాశాల గ్రంథాలయంలో ఉన్న ఒక మధ్యయుగపు రాతప్రతిని పరిశీలించి, అది గ్రహాల స్థానాలను గణించే పరికరాన్ని గురించిన రచన అని గుర్తించాడు. దానిని రాసినవాడు ఆంగ్ల కవి ఛాసర్ అయి ఉండవచ్చునని ఇతడు భావించాడు. 1955లో అది పుస్తకంగా వెలువడి పేరు తెచ్చిపెట్టింది. అయితే ఆ దస్తూరి జాన్ వెస్ట్‌విక్ అనే క్రైస్తవ సన్యాసిదని తరువాతి పరిశోధనలో తేలింది. జోసెఫ్ నీధామ్, వాంగ్ లింగ్ లతో కలిసి ప్రాచీన చైనా గడియారాలపై చేసిన పరిశోధన 1960లో పుస్తకరూపం దాల్చింది.

1957లో ప్రైస్ అమెరికాకు తరలివెళ్ళాడు. స్మిత్‌సోనియన్ సంస్థకు సలహాదారుగా, ప్రిన్‌స్టన్ లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో పరిశోధకునిగా పనిచేసి, తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ విజ్ఞానశాస్త్ర చరిత్రకు ఆవలాన్ ఆచార్యునిగా మరణించేవరకు కొనసాగాడు.

లిటిల్ సైన్స్, బిగ్ సైన్స్

1961లో ప్రచురించిన సైన్స్ సిన్స్ బాబిలోన్ అనే గ్రంథంలో ప్రైస్ తన పాత లెక్కలను విస్తరించి చెప్పాడు. 1962లో బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఇచ్చిన ఉపన్యాసాలు 1963లో లిటిల్ సైన్స్, బిగ్ సైన్స్ పేరుతో వెలువడ్డాయి. ఇతని రచనలలో అత్యంత ప్రసిద్ధమైనది ఇదే. చిన్న పుస్తకమే అయినా సైంటోమెట్రిక్స్ కు పునాదిగ్రంథం.

ఇందులో ప్రైస్ చెప్పిన లెక్క ప్రకారం పత్రికలు, పరిశోధనా సారాంశాలు సుమారు 15 ఏళ్ళకొకసారి రెట్టింపవుతున్నాయి. కొలమానాన్ని వదులుగా పట్టుకుంటే, అంటే మంచీ చెడూ ఎంచకుండా అన్నిటినీ లెక్కిస్తే, ఈ కాలం 10 ఏళ్ళకు తగ్గుతుంది. ముఖ్యమైన ఆవిష్కరణలను మాత్రమే లెక్కిస్తే 20 ఏళ్ళకు పెరుగుతుంది. ఇదే కాలంలో జనాభా రెట్టింపు కావటానికి సుమారు 50 ఏళ్ళు పడుతున్నది. విజ్ఞానశాస్త్రం సమాజం కంటే ఎంతో వేగంగా పెరుగుతున్నదని దీని అర్థం.

దీని నుండి ఒక వింత ఫలితం వస్తుంది. ఒక శాస్త్రవేత్త వృత్తిజీవితం 45 ఏళ్ళనుకుంటే, ఆ కాలంలో శాస్త్రవేత్తల మొత్తం సంఖ్య మూడుసార్లు రెట్టింపై ఎనిమిదింతలవుతుంది. అంటే అప్పటివరకు పుట్టిన ప్రతి ఎనిమిదిమంది శాస్త్రవేత్తలలో ఏడుగురు, నూటికి 87 మందికి పైగా, అతని సమకాలికులే. చరిత్రలోని శాస్త్రవేత్తలలో అత్యధికులు ఇప్పుడు జీవించే ఉన్నారని అప్పట్లో అందరూ గర్వంగా చెప్పుకునేవారు. అందులో కొత్తేమీ లేదని ప్రైస్ చూపించాడు. వృద్ధి ఘాతీయంగా ఉన్నంతకాలం 1700లోనైనా, 1800లోనైనా ఈ మాట నిజమే. ఆధునిక విజ్ఞానశాస్త్రం ఎప్పుడూ ఆధునికమే, ఎప్పుడూ తన గతం కంటే పెద్దదే.

అయితే ఇటువంటి వృద్ధి నిరంతరం సాగదు. అదే వేగం ఇంకా కొన్ని తరాలు కొనసాగితే దేశంలో మనుషులకంటే శాస్త్రవేత్తలే ఎక్కువ కావలసి వస్తుంది. సీసాలో పెంచిన ఈగల సంఖ్య, చిక్కుడు తీగ ఎత్తు మొదట వేగంగా పెరిగి, తరువాత నెమ్మదించి, చివరకు ఒక హద్దు వద్ద నిలిచిపోతాయి. ఆ వక్రరేఖ ఆంగ్ల అక్షరం ఎస్ ను సాగదీసినట్లుంటుంది. విజ్ఞానశాస్త్రం కూడా ఈ మలుపులోకి ప్రవేశిస్తున్నదని, బిగ్ సైన్స్ అని పిలుస్తున్నది ఆ మలుపుకు సంబంధించిన లక్షణమేనని ప్రైస్ వాదించాడు. బిగ్ సైన్స్ అనే పేరును అంతకు ముందే 1961లో ఆల్విన్ వైన్‌బర్గ్ ప్రచారంలోకి తెచ్చాడు. అమెరికాలో శాస్త్రవేత్తల సంఖ్య, నిధులు 1970 ప్రాంతంలో మందగించినపుడు ప్రైస్ మాట నిజమైందని చాలామంది భావించారు. కానీ ప్రపంచం మొత్తాన్ని తీసుకుంటే పత్రాల సంఖ్య ఆగలేదు. కొత్త దేశాలు, ముఖ్యంగా చైనా, ఈ రంగంలోకి వచ్చి వృద్ధిని కొనసాగించాయి. హద్దు విషయంలో ప్రైస్ తొందరపడ్డాడనే చెప్పాలి.

రచయితల మధ్య ఉండే అసమానతను కూడా ఈ పుస్తకం చర్చించింది. ఎక్కువ పత్రాలు రాసేవారు అతి కొద్దిమంది అని ఆల్ఫ్రెడ్ లోట్కా 1926లోనే సూత్రీకరించాడు. ప్రైస్ దీనిని ముందుకు తీసుకువెళ్ళి, ఒక రంగంలోని పత్రాలలో సగం, మొత్తం రచయితల సంఖ్యకు వర్గమూలమైనంత మంది నుండి వస్తాయని చెప్పాడు. అంటే 100 మంది ఉన్న రంగంలో సగం పత్రాలు 10 మంది రాస్తారు. ప్రైస్ సూత్రంగా పేరుపొందిన ఈ లెక్క వాస్తవ గణాంకాలతో అంతగా సరిపోదని తరువాతి పరిశీలనలు తేల్చాయి. ఆ కొద్దిమంది ఒకరినొకరు ఎరిగి, పత్రాలు అచ్చుకు రాకముందే పంచుకుంటూ ఉండే బృందాలకు ప్రైస్ అదృశ్య కళాశాలలు అన్న పేరు వాడాడు. ఇది 17వ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ తన మిత్రబృందానికి వాడిన పేరు.

సైటేషన్ల లెక్క

ఒక పరిశోధకుడు తన పత్రంలో పూర్వపు పత్రాలను ఆధారంగా పేర్కొనటాన్ని సైటేషన్ అంటారు. యూజీన్ గార్ఫీల్డ్ 1960లలో ఫిలడెల్ఫియా నుండి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ప్రచురించటం మొదలుపెట్టాడు. దానితో ఏ పత్రాన్ని ఎవరు పేర్కొన్నారో వెదకటం సాధ్యమైంది. గార్ఫీల్డ్ ఉద్దేశం ప్రధానంగా సమాచార అన్వేషణ. ఆ సూచికలో ప్రైస్ కు విజ్ఞానశాస్త్రపు నిర్మాణమే కనిపించింది.

1965లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఇతడు పత్రాల మధ్య సంబంధాలను ఒక వలగా వర్ణించాడు. ఇతని లెక్క ప్రకారం ఏదైనా ఒక సంవత్సరంలో, అప్పటికి ఉన్న పత్రాలలో సుమారు 35 శాతాన్ని ఎవరూ పేర్కొనరు. మరో 49 శాతాన్ని ఒక్కసారి మాత్రమే పేర్కొంటారు. అనేకసార్లు పేర్కొనబడేవి చాలా కొద్ది. కొత్త పత్రాలు ఎక్కువగా ఇటీవలి పత్రాలనే ఆధారం చేసుకొని అల్లుకుంటూ పోతాయని, విజ్ఞానశాస్త్రపు ముందంజ అక్కడే ఉంటుందని చెప్పి, దానికి పరిశోధనా ముఖం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1970లో మరో కొలత ప్రతిపాదించాడు. ఒక పత్రం పేర్కొన్న ఆధారాలలో ఐదేళ్ళలోపువి ఎన్ని అన్నదే ఆ కొలత. భౌతిక శాస్త్రంలో ఇది ఎక్కువగా, చరిత్ర, సాహిత్యాలలో తక్కువగా ఉంటుంది. దీనినే ప్రైస్ సూచిక అంటారు.

1976లో ఇతడు ఈ అసమానతకు గణిత వివరణ ఇచ్చాడు. ఇప్పటికే ఎక్కువసార్లు పేర్కొనబడిన పత్రాన్నే కొత్తవారు కూడా పేర్కొనే అవకాశం ఎక్కువ. ఉన్నచోటికే మరింత చేరుతుంది. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో శాస్త్రవేత్తల కీర్తి విషయంలో ఇటువంటిదే చెప్పాడు. ప్రైస్ దానికి సమీకరణం సమకూర్చాడు. 1999లో బరబాసి, ఆల్బర్ట్ లు వలల వృద్ధికి ప్రతిపాదించిన ప్రసిద్ధ నమూనాలోని ప్రధాన సూత్రం ఇదే. వారు ప్రైస్ పనిని ఎరుగకుండానే దానిని తిరిగి కనుగొన్నారు. ఎక్కువగా పేర్కొనబడే పత్రాల గురించి చెప్పినవాని పత్రమే ఇన్నేళ్ళు మరుగున పడటం విచిత్రం.

కొలతల వినియోగం

ప్రైస్ తన పద్ధతిని వాయువులను గురించిన భౌతిక శాస్త్రంతో పోల్చాడు. వాయువు పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచేవాడు అందులోని ఒక్కొక్క అణువు ఏం చేస్తున్నదో అడగడు. అలాగే ఇతని సూత్రాలు విజ్ఞానశాస్త్రపు మొత్తానికి చెందినవి, ఏ ఒక్క పరిశోధకుని ప్రతిభనో తూచటానికి చేసినవి కావు. తరువాతి కాలంలో జరిగింది వేరు. పత్రాల సంఖ్య, సైటేషన్లు, పత్రిక ప్రభావ సూచిక ఆధారంగా వ్యక్తుల నియామకాలు, పదోన్నతులు నిర్ణయించటం అనేక దేశాలలో పరిపాటి అయింది. భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనలలో అధ్యాపకుల పత్రాలకు పాయింట్లు కేటాయించింది. పాయింట్ల కోసం పత్రాలు రాయటం, ఆ పత్రాల కోసం రుసుము తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టుకురావటం ఇక్కడి అధ్యాపకులకు తెలిసిన కథే. పత్రిక పేరును బట్టి అందులోని వ్యాసానికి విలువ కట్టటం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవటమే. ఇటువంటి మదింపును విడిచిపెట్టాలని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన ప్రకటన కోరింది.

ఈ రంగంలో ప్రైస్ ఒంటరివాడు కాదు. గ్రంథాలయాలలో గణాంక పద్ధతులకు లైబ్రమెట్రీ అనే పేరును ఎస్.ఆర్.రంగనాథన్ 1948లో ఇంగ్లాండులో జరిగిన ఆస్లిబ్ సదస్సులో ప్రతిపాదించాడు. సైంటోమెట్రిక్స్ అనే పదానికి మూలమైన రష్యన్ పదం వాసిలీ నలిమోవ్, ముల్చెంకోల 1969 నాటి గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది. సైంటోమెట్రిక్స్ పేరుతో 1978లో హంగేరీ నుండి వెలువడిన పత్రికకు ప్రైస్ సంపాదకులలో ఒకడు.

ఆంటికితెరా యంత్రం

1901లో గ్రీసు సముద్రంలో మునిగిన ఓడ నుండి వెలికితీసిన కంచు ముక్కలలో పళ్ళచక్రాలున్నాయి. ప్రైస్ 1958లో ఏథెన్స్ వెళ్ళి వాటిని పరిశీలించాడు. 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్యాసం రాసి, అది సూర్యచంద్రుల గమనాన్ని గణించే యంత్రమని వివరించాడు. తరువాత గ్రీకు నిపుణుడు కరకాలోస్ తీసిన గామా కిరణ చిత్రాల సాయంతో లోపలి చక్రాలను అధ్యయనం చేసి, 1974లో గేర్స్ ఫ్రమ్ ది గ్రీక్స్ ప్రచురించాడు. అందులో ప్రతిపాదించిన చక్రాల అమరికలో కొంత భాగం తప్పని 2006 నాటికి తేలింది. అయినా ఆ యంత్రాన్ని ప్రపంచం గంభీరంగా తీసుకోవటానికి కారకుడు ప్రైసే.

మరణం, గుర్తింపు

ప్రైస్ కు 1976లో లియొనార్డో డావిన్సీ పతకం, 1981లో జాన్ డెస్మండ్ బెర్నాల్ పురస్కారం లభించాయి. 1983 సెప్టెంబరు 3న లండనులో గుండెపోటుతో 61వ ఏట మరణించాడు. సైంటోమెట్రిక్స్ పత్రిక ఇతని పేరిట ఒక స్మారక పతకాన్ని నెలకొల్పింది. 1984లో మొదటి పతకం గార్ఫీల్డ్ కు లభించింది. లిటిల్ సైన్స్, బిగ్ సైన్స్ ను ఇతర వ్యాసాలతో కలిపి, మెర్టన్, గార్ఫీల్డ్ ల ముందుమాటతో 1986లో పునర్ముద్రించారు.