టార్బెర్న్ బెర్గ్‌మన్

స్వీడన్ దేశమున 1735వ సంవత్సరమున టార్బెర్న్ బెర్గ్‌మన్ జన్మించెను. తండ్రి పన్నులు వసూలు చేయు ఉద్యోగి. కుమారుడు న్యాయశాస్త్రమునో, మతశాస్త్రమునో చదువవలెనని ఇంటివారి కోరిక. ఉప్సాలా విశ్వవిద్యాలయమున చేరిన ఆ బాలునకు గణితము, ప్రకృతిశాస్త్రములు ప్రాణము. వారు కోరిన చదువును, తాను కోరిన చదువును రేయింబవళ్లు సాగించుటచే ఆరోగ్యము చెడి ఇల్లు చేరవలసివచ్చెను. తరువాత కోలుకొనెను గాని, పూర్వపు దేహబలము మరల రాలేదు.

1767లో ఉప్సాలాలో రసాయనశాస్త్రాచార్య పదవి ఖాళీ అయ్యెను. గణితము బోధించువానికి రసాయనమేమి తెలియునని పలువు రాక్షేపించిరి. యువరాజు గుస్తావ్ ఆదరమున ఆ పదవి బెర్గ్‌మన్‌కే లభించెను.

ఊటనీటిలోని ఖనిజములను ఆతడు మొదట పరిశీలించెను. మాచికాయ కషాయము చుక్కలుగా వేసినచో ఇనుము గల నీరు నల్లబడును. ఇనుము కలదని తెలిసిన చాలదు; ఎంత కలదో తెలియవలెను. అందులకై దానిని ప్రష్యన్ నీలముగా మార్చి, వడగట్టి, ఆరబెట్టి తూచి, ఆ తూనికనుండి ఇనుమును లెక్కించెను. లోహమునే వేరుచేయుటకు కొలిమి నాశ్రయింపవలసిన పని తప్పెను.

స్వీడన్‌కు ఇనుమే గొప్ప సంపద. అయినను చేత ఇనుము వంగుటకును, ఉక్కు పదును నిలుపుటకును, పోత ఇనుము పెళుసుగా పగులుటకును కారణ మెవ్వరికిని తెలియదు. బెర్గ్‌మన్, శిష్యుడు యోహాన్ గాడొలిన్‌తో కలిసి, పెక్కు ఇనుపముక్కలను ఆమ్లమున కరగించి, వెలువడిన ఉదజనిని కొలిచెను; అడుగున మిగిలిన నల్లని గ్రాఫైటును తూచెను. 1781లో ఫలితములు వెలువడెను. నూరు పాళ్లకు గ్రాఫైటు చేత ఇనుమున 0.05 నుండి 0.2 వరకు, ఉక్కున 0.2 నుండి 0.8 వరకు, పోత ఇనుమున 1 నుండి 3.3 వరకు ఉండెను. వంచి, విరిచి గుణము నెంచు కమ్మరులకు తరతరములుగా అందని రహస్యము త్రాసులోని చిటికెడు మడ్డిలో దొరకెను!

అయితే ఆతడు ఫ్లోజిస్టన్ అను లేని ద్రవ్యమును నమ్మెను. అందుచే వివరణలో పొరపడెను, తూనికలో కాదు. ఆ మడ్డి కర్బనమేయని 1786లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు స్పష్టపరచిరి. చలికి పగులు ఇనుమున క్రొత్తలోహము కలదనియు ఆతడు భ్రమపడెను. అది ఇనుముతో కూడిన భాస్వరమని తరువాత తేలెను.

1776లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ తన రాజధానికి ఆహ్వానించినను బెర్గ్‌మన్ ఉప్సాలాను వీడలేదు. వ్యాధి మాత్రము ఆతనిని వీడలేదు. ఊటనీటిని పోలిన ఔషధజలములను స్వయముగా తయారుచేసి త్రాగుచుండెను. 1784 జూలైలో, ఇనుము గల ఊటలకు పేరొందిన మెదెవిలో, నలుబది తొమ్మిదవ యేట కన్నుమూసెను.