రాణి కొలువులోని గాయకుడు: విలియం బర్డు

మన భజన గోష్ఠులలో ఒకరు పల్లవి నెత్తుకొనగా తక్కినవారు దానినే తిరిగి పాడుదురు. కంఠములు పెక్కు, పాట ఒక్కటే. పదునారవ శతాబ్దమున ఐరోపా దేవాలయములలో వేరొక పద్ధతి వెలసియుండెను. ఒక గళము లాటిను వాక్యము నెత్తుకొనును. అది ముగియక మునుపే రెండవ గళము అదే వరుసను వేరొక స్థాయిలో ప్రారంభించును. పిదప మూడవది, నాలుగవది. ఏ గళమును మరియొకదానికి వంతపాట కాదు. ప్రతిదియు తన పాటను తాను పాడుచునే తక్కినవానితో పొందుపడి నడచును. ఇట్లు కూర్చిన భక్తిగీతమును మోటెట్ అందురు. ఇంగ్లండు దేశమున ఈ కూర్పునందు అగ్రగణ్యులలో ఒకడు విలియం బర్డు.

ఆయన 1540 ప్రాంతమున జన్మించెను. నాటి సంగీతజ్ఞులలో పెద్దవాడైన థామస్ టాలిస్ ఆయనకు గురువని చెప్పుదురు. 1563లో లింకన్ పట్టణపు ప్రధాన దేవాలయమున ఆర్గన్ వాద్యకారుడై, కొన్నియేండ్లకు ఎలిజబెత్ రాణి ఆస్థాన ప్రార్థనామందిరపు గాయకులలో చేరెను. 1575లో రాణి గురుశిష్యుల కిరువురకును సంగీత గ్రంథముల నచ్చువేయు ప్రత్యేకాధికారమును 21 సంవత్సరములకు దయచేసెను. ఆ యేడే వారు తమ మోటెట్లను ప్రకటించి ఆమెకు అంకితమిచ్చిరి. పుస్తకము సరిగా అమ్ముడుపోలేదు. రెండేండ్లకే తమ నష్టమును రాణికి విన్నవించుకొనవలసి వచ్చెను. పుస్తకములు వేసి చేతులు కాల్చుకొనుట మన కవులకే పరిమితము కాదు కాబోలు!

అంతకంటె పెద్ద చిక్కు మతమువలన కలిగెను. రాణి ప్రొటెస్టెంటు, దేశపు చట్టమును ఆ మతము పక్షమే. బర్డు పాత రోమను క్యాథలిక్ మతమును విడువలేదు. రాజమతపు ఆరాధనకు పోనివారికి 1581 నాటి చట్టము నెలకు 20 పౌనుల జరిమానా విధించెను. విదేశములలో దీక్షపొంది వచ్చిన క్యాథలిక్ మతగురువులకు ఆశ్రయమిచ్చుట 1585 నుండి మరణశిక్షకు తగిన నేరమయ్యెను. 1577లోనే ఆయన భార్య జూలియానా పేరును, పిమ్మట ఆయన పేరును ఆరాధనకు రానివారి జాబితా కెక్కెను. అయినను రాణి ఆయనను కొలువునుండి తొలగింపలేదు. ఆమెకు సంగీతముపై గల మక్కువయే ఆయనను కాపాడెనని తలచవచ్చును.

ఆ కొలువునకు ఆంగ్ల గీతములు కూర్చుచునే బర్డు తన బాధను లాటిను మోటెట్లలో దాచెను. అందులకై ఆయన ఏరుకొన్నవి తరచుగా చెరను, పాడుపడిన యెరూషలేమును, విడుదలకై పెట్టు మొఱను తెలుపు మాటలు. బైబిలు మాటలే గనుక తప్పుపట్టుట కష్టము. మనసు తెలిసినవారికి మాత్రము తెలియును. 1583లో హాబ్స్‌బర్గు చక్రవర్తి ఆస్థాన విద్వాంసుడు ఫిలిప్ డి మోంటె, బాబిలోనులో చెరపడినవారి కీర్తనను ఎనిమిది గళములకు కూర్చి బర్డునకు పంపెనని ఒక పాత వ్రాతప్రతి తెలుపుచున్నది. మరుసటి యేడు బర్డు ఆ కీర్తననుండియే, పరాయినేలపై పాడుట యెట్లని వారు వగచు భాగమును గ్రహించి, తానును ఎనిమిది గళములకే కూర్చి బదులు పంపెను.

1589లో అచ్చయిన నే ఇరాస్కారిస్ అను మోటెట్ ఐదు గళములది. దాని రెండవ భాగమున గళములు ఒకదాని వెంట నొకటి అల్లుకొని పోవుచుండగా, సీయోను పాడుపడినదను మాట రాగానే ఆ అల్లిక యంతయు ఆగి, అవి ఒక్కుమ్మడిగా ఆ మాటలను మెల్లగా పలుకును. పిదప యెరూషలేము పేరు గళమునుండి గళమునకు మరల మరల అందును. లాటిను రానివాడును ఆ చోట గుండె బరువెక్కక మానడు.

1593 ప్రాంతమున ఆయన ఎస్సెక్సు జిల్లాలోని స్టాండన్ మాస్సీ గ్రామమునకు తరలిపోయెను. సమీపముననే పీటరు వంశమువారను క్యాథలిక్ ప్రభువులుండిరి. అట్టివారి యిండ్లలో చాటుగా జరుగు పూజలకు పనికివచ్చునట్లు ఆయన ముగ్గురకు, నలుగురకు, ఐదుగురకు మూడు పూజాగానములను కూర్చి, ముఖపత్రము లేకుండ అచ్చువేయించెను. ఒక్కొక్క గళమునకు ఒక్కొక్క చిన్న పుస్తకము; ఎవరి పాట వారి చేతిలోనే యుండును, మొత్తము ఏ ఒక్కరి యెదుటను ఉండదు. 1605లోను 1607లోను గ్రాడువాలియా అను రెండు సంపుటములలో సంవత్సరపు పండుగలకు కావలసిన గీతములను సమకూర్చెను. మొదటిది వెలువడిన యేడే దానిని దగ్గర నుంచుకొనిన ఒక ఫ్రెంచివానిని లండనులో నిర్బంధించిరి.

బర్డు 1623 జూలై 4న మరణించెను. ఆస్థాన ప్రార్థనామందిరపు దస్తరములో, ఆయన మతమును ఒప్పని కొలువువారే, ఆయన పేరును సంగీతపితయని వ్రాసికొనిరి.