సర్కారు గ్రాంటు లేని కళాశాలకు జీవితాన్ని ధారపోసిన కోపల్లె హనుమంతరావు

మచిలీపట్నంలో 1910లో తలుపులు తెరిచిన ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రభుత్వ గ్రాంటు లేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపు లేదు. అక్కడి చదువుతో సర్కారు కొలువు దొరుకుతుందన్న ఆశా లేదు. ఉపాధ్యాయుల జీతాల నుంచి మగ్గాల దాకా అన్నింటికీ ప్రజలిచ్చే విరాళాలే ఆధారం. ఆ విరాళాల కోసం తెలుగు జిల్లాలు తిరిగి, కళాశాల బరువును చివరి వరకూ మోసిన వ్యక్తి కోపల్లె హనుమంతరావు.

ఆయన 1880లో జన్మించారు. తండ్రి కృష్ణారావు చల్లపల్లి జమీందారీలో దివానుగా పనిచేశారు. కుమారుడు పేరున్న న్యాయవాది కావాలని ఆయన ఆశించారు. హనుమంతరావు మచిలీపట్నం నోబుల్ కళాశాలలో చదివి, ఎం.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. ఆ రోజుల్లో ఆ రెండు పట్టాలున్న యువకుడికి సంపదకూ పలుకుబడికీ కొదవ ఉండేది కాదు. అయినా ఆయన న్యాయవాద వృత్తిని వదులుకున్నారు. కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, వైద్యుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆయనకు సన్నిహిత మిత్రులు. బందరులో ఏ మంచి పని తలపెట్టినా ఈ ముగ్గురి పేర్లూ కలిసే వినిపించేవి.

మలుపు 1907లో వచ్చింది. వంగ విభజన వ్యతిరేకోద్యమ సందేశంతో బిపిన్ చంద్రపాల్ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రలో పర్యటించారు. రాజమహేంద్రవరంలో వందేమాతరం నినాదం చేసిన విద్యార్థులపై కళాశాల అధికారులు చర్య తీసుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువుకు దూరమయ్యారు. విద్యార్థులు రాజకీయాల్లో పాల్గొంటే ఆ విద్యాసంస్థల గ్రాంటునూ గుర్తింపునూ రద్దు చేయవచ్చని హెచ్చరించే రిస్లీ సర్క్యులర్ కూడా ఆ ఏడాదే వెలువడింది. గ్రాంటు తీసుకునే బడి ఎవరి మాట వినాలో దానితో అందరికీ తేటతెల్లమైంది. ప్రజల సొమ్ముతో, ప్రజల అజమాయిషీలో నడిచే విద్యాలయం కావాలన్న ఆలోచనకు బందరు మిత్రులు పూనుకున్నది ఈ వాతావరణంలోనే.

వంగదేశంలో ఈ పని వేరే దారిలో జరిగింది. అక్కడ 1906లో జాతీయ విద్యామండలి ఏర్పడినప్పుడు సుబోధ్ చంద్ర మల్లిక్ లక్ష రూపాయలు, గౌరీపూర్ జమీందారు బ్రజేంద్ర కిశోర్ రాయ్ చౌధురి 5 లక్షల రూపాయలు ప్రకటించారు. బందరులో అటువంటి శ్రీమంతులు ముందుకు రావడం తేలిక కాదు. ఒకప్పుడు డచ్చి, ఇంగ్లీషు వర్తకులతో కళకళలాడిన ఆ రేవు, 1864 నాటి పెను ఉప్పెనలో వేలాది ప్రాణాలు కోల్పోయాక మునుపటి వైభవాన్ని అందుకోలేదు. కృష్ణా ఆనకట్ట నీటితో డెల్టా రైతు మాత్రం కొంత తేరుకున్నాడు. వకీళ్లు, వర్తకులు పట్టణాల్లో నిలదొక్కుకున్నారు. కలెక్టరు కనుసన్నల్లో మెలగవలసిన జమీందారులకు స్వదేశీ విద్యాలయం పేరు చెప్పి చేయి చాచడమంటే, ఇచ్చేవారికీ అడిగేవారికీ ఇబ్బందికరమే.

కనుక ఊరూరా తిరగక తప్పలేదు. హనుమంతరావు ఆ పనిని ఇతరులకు వదిలిపెట్టలేదు. దివాను కుమారుడు, రెండు పట్టాలున్నవాడు తన సంపాదనను ముందుగా వదులుకుని గుమ్మం ముందు నిలబడినప్పుడు, ఆ సొమ్ము ఎవరి జేబులోకి పోతుందన్న అనుమానానికి తావుండదు. ఆయన వద్ద ఉన్న అసలైన పూచీ అదే. కృష్ణాపత్రిక ఆ ఆశయాన్ని ఇంటింటికీ చేర్చింది.

కళాశాలలో పుస్తకాల చదువుతోపాటు నేత, వడ్రంగం వంటి చేతిపనులకూ చిత్రకళకూ చోటిచ్చారు. తర్వాత జాతీయ పతాక రూపకర్తగా పేరొందిన పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకుడిగా పనిచేశారు. గుజరాత్‌లో గాంధీజీ విద్యాపీఠాన్ని స్థాపించింది 1920లో. బందరు కళాశాల అప్పటికే పదేళ్లు నడిచింది.

అయితే చందా ఇవ్వడం ఒకటి, కన్నకొడుకును పంపడం మరొకటి. దేశాభిమానంతో నోటు తీసి ఇచ్చిన పెద్దమనిషి కూడా తన పిల్లవాణ్ణి గుర్తింపు ఉన్న కళాశాలకు పంపాలనుకోవడంలో వింత లేదు. పట్టా లేకపోతే రెవెన్యూలో గుమాస్తా ఉద్యోగమైనా రాని కాలమది. జాతీయ విద్యాలయాలన్నింటినీ వేధించిన చిక్కు ఇదే. స్వదేశీ ఉద్యమ వేడిలో పుట్టిన బడులు ఆ వేడి తగ్గగానే అనేకచోట్ల మూతపడ్డాయి. బందరు కళాశాల నిలిచింది. నిలవడమంటే ఏటేటా ఖర్చులకు మళ్లీ ఎక్కే గడప, దిగే గడప అని అర్థం. తొలి ఏడాది ఉత్సాహంతో ఇచ్చిన దాతను పదో ఏడాది అడగడానికి ఎంత ఓర్పు కావాలో, చందాల పుస్తకం పట్టుకుని తిరిగినవారికే తెలుస్తుంది.

గాంధీజీ 1921లో మచిలీపట్నం వచ్చి కళాశాలను సందర్శించారు. సహాయ నిరాకరణ పిలుపుతో సర్కారు కళాశాలలు విడిచిన యువకులు దేశమంతటా జాతీయ విద్యాలయాల వైపు చూస్తున్న రోజులవి. దశాబ్దానికి పైగా ఎదురీదిన సంస్థకు గాలి వాలు దొరికింది. దాని ఫలితాన్ని కళ్లారా చూసే అవకాశం మాత్రం హనుమంతరావుకు దక్కలేదు. 1922లో ఆయన మరణించారు. నలభై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు.

ఆ తర్వాత వంగ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ కళాశాలలో చిత్రకళ నేర్పారు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు అనంతరం అక్కడే ప్రధానాచార్యులుగా పనిచేశారు. పట్టాభి సీతారామయ్య 1923లో అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. సామాన్యుల చిన్న మొత్తాలను పోగుచేసి పెద్ద సంస్థను నిలపడం బందరుకు అప్పటికే కొత్త విద్య కాదు. జాతీయ కళాశాల స్వాతంత్ర్యానంతరం అందరి కళాశాలల్లాగే విశ్వవిద్యాలయ పట్టాల బాట పట్టి, ఏ.జె. కళాశాల అన్న పొట్టి పేరుతో మచిలీపట్నంలో కొనసాగుతోంది.