విలియం బ్రోకెడన్

ఔషధచూర్ణాన్ని తేనెతోనో పాకంతోనో తడిపి, ముద్దచేసి, మాత్రలుగా చుట్టడం అనాదిగా వస్తున్న పద్ధతి. తడిగాని జిగురుగాని లేకుండా, కేవలం ఒత్తిడితో పొడిని బిళ్ళగా మార్చే విధానానికి 1843లో హక్కుపత్రం పొందినవాడు వైద్యుడు కాడు. ఆంగ్ల చిత్రకారుడు విలియం బ్రోకెడన్.

ఇతడు 1787లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, టోట్నెస్ పట్టణంలో జన్మించాడు. తండ్రి గడియారాలు చేసేవాడు. బ్రోకెడన్‌కు పదిహేనేండ్లైనా నిండకముందే తండ్రి మరణించడంతో, తల్లికి అండగా నిలిచి ఐదేండ్లు ఆ దుకాణాన్ని నడిపాడు. మనస్సు మాత్రం చిత్రలేఖనంపైనే ఉండేది. 1809లో లండన్ చేరి రాయల్ అకాడమీలో విద్యార్థి అయ్యాడు. ఆల్ప్స్ పర్వతాల కనుమలను పలుమార్లు దాటి, వాటిని చిత్రించి గ్రంథంగా వెలువరించాడు. 1834లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

చిత్రకారునికి మంచి పెన్సిలు ప్రాణం. బారోడేల్ గనుల మేలిమి గ్రాఫైట్ ఆనాటికి తరిగిపోసాగింది. పొడి మిగిలేది గాని, దానికి జిగురు కలిపితే గీత నాణ్యత చెడేది. రేణువుల నడుమ చిక్కుకున్న గాలియే అవి కలవకుండా అడ్డుపడుతున్నదని బ్రోకెడన్ గ్రహించాడు. పొడిని అదిమి కాగితంలో చుట్టి, చిన్న రంధ్రం గుండా గాలిని తీసివేసి, మరల బలంగా అదిమాడు. పొడి గట్టి దిమ్మగా మారింది. ఇదే సూత్రాన్ని ఔషధాలకూ వర్తింపజేశాడు. ఉక్కు అచ్చులో చూర్ణం పోసి, పైనుంచి ఉక్కు కడ్డీని ఉంచి సుత్తితో కొట్టడమే ఆ ప్రక్రియ. గడియారాల దుకాణంలో అబ్బిన హస్తకౌశలం ఇక్కడ అక్కరకు వచ్చిందని భావించవచ్చు.

1854లో ఆయన మరణించాడు. ఆయన చూడని చిక్కు ఒకటి తరువాత ఎదురైంది. ఒమెప్రజోల్ వంటి మందు జఠరామ్లానికి తట్టుకోలేదు. అందుచేత దానిని సన్నని గుళికలుగా చేసి, ఆమ్లానికి కరగని పూత పూస్తారు. ఆ గుళికలను బిళ్ళగా అదిమితే, రేణువులను కలిపే ఒత్తిడే పూతను పగులగొట్టవచ్చు. పూత పగిలిన గుళికలోని మందు కడుపులోనే నశిస్తుంది. రోగి మందు మింగినా ఫలితం దక్కదు. కాబట్టి పూతకు సాగే గుణం కల్పిస్తారు. గుళికల నడుమ సెల్యులోజ్ వంటి మెత్తని పొడిని పరుపువలె నింపుతారు. ఒత్తిడికి ముందుగా లొంగేది ఆ పొడియే. కడుపులో బిళ్ళ విచ్చుకున్నా పూత చెదరని గుళికలు విడివిడిగా ముందుకు సాగి, చిన్నప్రేవులలో కరుగుతాయి.