ఎలుక జాడ పట్టిన డాక్టర్

ఖిలా వరంగల్ తోరణాల నీడలో కూర్చుని గ్రూప్స్ పుస్తకాలు తిరగేస్తున్నారా? ఒక్కసారి కోట మట్టిగోడ లోపలి పొలాల వైపు చూడండి. అక్కడి రైతుకు ఎలుకంటే పంట నష్టం. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో మాత్రం ఇళ్లలో తిరిగే ఒక జాతి ఎలుక మనుషుల ప్రాణం మీదికే తెస్తుంది. దాని మూత్రం, పెంటికలు తిండిలో కలిస్తే లస్సా జ్వరం అంటుకుంటుంది. 1969లో నైజీరియాలోని లస్సా ఊళ్లో బయటపడ్డ వైరస్ ఇది.

ఈ జ్వరంతో పోరాడినవాళ్లలో పెద్ద పేరు డాక్టర్ అనిరు కాంటే. 1942లో పుట్టారు. నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీలో చదివి, స్వదేశానికి తిరిగొచ్చి సెగ్‌బ్వెమా ఆస్పత్రిలో అమెరికా సీడీసీ నడిపే లస్సా పరిశోధనలో చేరారు.

సోకినవాళ్లలో సుమారు 80 శాతం మందికి పెద్దగా ఏమీ కాదు. చిక్కంతా మిగతావాళ్లతోనే. మొదట్లో అచ్చం మలేరియాలా, టైఫాయిడ్‌లా ఉంటుంది. రిబావిరిన్ అనే మందు తొలి ఆరు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. ఆ లోపే గుర్తుపట్టాలి మరి, ఎలా?

1991లో అంతర్యుద్ధం మొదలైంది. కొన్నాళ్లకు విదేశీ బృందం వెళ్లిపోయింది. కాంటే వెళ్లలేదు. కెనెమా ప్రభుత్వ ఆస్పత్రికి మారి, మెర్లిన్ అనే బ్రిటన్ స్వచ్ఛంద సంస్థ సాయంతో లస్సా వార్డు నడిపారు. (2000లో మన సైనికులు ఆపరేషన్ ఖుక్రీ చేసిన కైలాహున్ కూడా ఆ తూర్పు ప్రాంతంలోనే ఉంది.) 2002లో యుద్ధం ముగిసింది. జనం ఊళ్లకు తిరిగొస్తున్నారు, ఎలుకలేమో ఎక్కడికీ పోలేదు. రోగిది ఏ ఊరు, ఆ ఇంట్లో ఇంకెవరికి జ్వరం, ధాన్యం మూత పెట్టి దాస్తున్నారా, ఎలుకల్ని తింటున్నారా... జబ్బు జాడ పట్టడమంటే ఓపిగ్గా ఈ ప్రశ్నలు అడగడమే. ఎలుక మాంసం తినొద్దని ఊళ్లలో చెప్పించడమూ కాంటే పనిలో భాగమే. మన దగ్గర 2004లో మొదలైన ఐడీఎస్‌పీ కింద జిల్లా నిఘా యూనిట్లలో ఎపిడెమియాలజిస్టులు, డేటా మేనేజర్లు చేసేదీ ఇలాంటి పనే. డేటా పోస్టుకు ఎంబీబీఎస్ అక్కర్లేదు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

అదే 2004లో ఒక రోగికి వైద్యం చేస్తుండగా కాంటేకు సూది గుచ్చుకుంది. పాతికేళ్లుగా తాను వెంటాడిన జ్వరమే ఆయన్ని ఏప్రిల్‌లో తీసుకుపోయింది.

ఆ తర్వాత ఆ వార్డు బాధ్యత డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ తీసుకున్నారు. 2014 మేలో సియెర్రా లియోన్ తొలి ఎబోలా కేసును తేల్చింది ఆ కెనెమా ఆస్పత్రి ల్యాబే. జులైలో ఖాన్ కూడా ఎబోలాతో చనిపోయారు.