తల్లి పెట్టిన హారం

మక్కాలో ముస్లిములను ఖురైషీలు హింసిస్తున్న రోజులవి. దైవప్రవక్త (స) పెద్ద కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) తండ్రి బోధను విశ్వసించారు. భర్త అబుల్ ఆస్ విశ్వసించలేదు. ఆయన హజ్రత్ ఖదీజా (రజి) సోదరి హాలా కుమారుడే. జైనబ్‌కు విడాకులిమ్మని, కోరిన పిల్లనిచ్చి పెళ్లి చేస్తామని ఖురైషీ పెద్దలు ఎంత ఒత్తిడి తెచ్చినా ఆయన లొంగలేదు.

క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధం వచ్చింది. ఒకవైపు తండ్రి, ఎదుటివైపు భర్త! అబుల్ ఆస్ బందీగా చిక్కారు. ఆయన విడుదల కోసం జైనబ్ (రజి) మక్కా నుంచి పంపిన సొమ్ములో ఒక హారం ఉంది. పెళ్లినాడు తల్లి పెట్టినది. అప్పటికి ఆ తల్లి కన్నుమూసి కొన్నేళ్లయింది. హారం చూడగానే ప్రవక్త (స) మనసు కరిగిపోయింది. అయినా సొంతంగా నిర్ణయించక సహచరులను అడిగారు. వారు సమ్మతించాకే బందీకి విడుదల లభించింది, హారమూ తిరిగి వెళ్లింది. జైనబ్‌ను మదీనా పంపుతానన్న మాటను అబుల్ ఆస్ నిలబెట్టుకున్నారు.

కొన్నేళ్లకు ఆయన వర్తక బిడారు ముస్లిములకు పట్టుబడింది. ఆయన రాత్రివేళ మదీనా చేరి జైనబ్ శరణు కోరారు. ఫజ్ర్ నమాజు వేళ ఆమె ఆ సంగతి అందరికీ వినబడేలా ప్రకటించారు. సరుకంతా తిరిగి దక్కింది. ఆయన మక్కా వెళ్లి ఎవరి సొమ్ము వారికి అప్పగించి, ఆ తర్వాతే కలిమా చదివారు. ముందే చదివి ఉంటే సొమ్ము కాజేయడానికేనని లోకం అనకపోదు కదా!

మళ్లీ ఒక్కటైన ఆ కాపురం ఎంతోకాలం సాగలేదు. 629లో జైనబ్ (రజి) మరణించారు. ఆమె కూతురు ఉమామాను ప్రవక్త (స) నమాజులో సైతం భుజాన ఎత్తుకునేవారు.